క్యాష్ కొలిచే ముందు: ఎం.టెక్ చదువుతున్న మా అన్నయ్య కూతురికి

విజయవాడ

చిరంజీవి అమ్మలుకి బాబాయి ఆశీస్సులు.

మూడు మెషీన్ల క్యాష్‌ని (ప్రాసెసర్‌లోనే ఉండే చిన్న, వేగమైన మెమరీని) పోల్చడానికి ఒకే ప్రోగ్రామ్‌ని మూడింటిలో రన్ చేసి టైము రాసుకుంటే చాలా అని ఫోన్‌లో అడిగావు. చాలదమ్మా. అంకెలైతే వస్తాయి. ఆ తేడా క్యాష్‌దా, క్లాక్‌దా, ఆపరేటింగ్ సిస్టమ్‌దా అని మీ గైడు గారు అడిగితే చెప్పలేవు.

ముందు పాయింటర్ చేజింగ్ టెస్టు రాసుకో. ఎరేలో ఒక్కో గడిలో తర్వాత వెళ్లాల్సిన గడి నంబరు పెట్టు. ఒక లోడ్ పూర్తయితే గానీ రెండోది ఎక్కడికో తెలియదు కాబట్టి ఆలస్యాన్ని దాచడం ప్రాసెసర్ వల్ల కాదు. గడులు వరసగా ఉంటే ప్రీఫెచర్ (రాబోయే డేటాని ఊహించే ప్రాసెసర్ భాగం) పసిగట్టి డేటాని ముందే తెచ్చేస్తుంది, అందుకని వరసని చిందరవందర చెయ్యాలి. అయితే మామూలు షఫుల్ వాడకు. గొలుసు చిన్న చిన్న చక్రాలుగా తెగిపోవచ్చు. అప్పుడు 8 ఎంబీ ఎరే అంతా తిరుగుతున్నాననుకుంటావు, తిరిగేది మాత్రం కొద్ది గడుల్లోనే, వచ్చేది ఎల్1 (అన్నిటికంటే చిన్న, వేగమైన క్యాష్) అంకె. సట్టోలో పద్ధతి వాడు. చివరి గడి నుంచి వెనక్కి వస్తూ, ప్రతి గడినీ తనకంటే ముందున్న ఏదో ఒక గడితో మార్చు, తనతో తాను మారే అవకాశం ఇవ్వకు. మొత్తం ఒకే చక్రం అవుతుంది. గడుల మధ్య దూరం ఒక క్యాష్ లైను (క్యాష్ ఒకేసారి తెచ్చుకునే ముక్క) ఉండాలి: ఇప్పటి ఇంటెల్, ఏఎమ్‌డీల్లో 64 బైట్లు, యాపిల్ ఎం1లో 128.

ఎరే సైజు 4 కేబీ నుంచి 256 ఎంబీ దాకా పెంచుతూ ఒక్కో లోడ్‌కి పట్టిన టైముని గ్రాఫ్ గీస్తే, ఒక్కో స్థాయి క్యాష్ నిండినచోట మెట్లు కనిపిస్తాయి. డబ్బా మీది అంకెని కాదు, ఆ మెట్లని నమ్ము. ఏఎమ్‌డీ రైజెన్ 7లో 3700ఎక్స్‌కీ 5800ఎక్స్‌కీ ఎల్3 (వాటిలో అన్నిటికంటే పెద్ద క్యాష్) 32 ఎంబీ అనే రాస్తారు. కానీ 3700ఎక్స్‌లో అది 16 ఎంబీల రెండు ముక్కలు, నాలుగేసి కోర్లకి ఒకటి. ఒకే కోర్ మీద నడిచే నీ టెస్టుకి 16 దాటగానే లేటెన్సీ (డేటా రావడానికి పట్టే టైము) లేస్తుంది. 5800ఎక్స్‌లో ఎనిమిది కోర్లకీ ఒకటే ముక్క. నీ రిపోర్టులో ఈ రెండు గీతలూ పక్కపక్కన ఉంటే చూడాలని నాకు చాలా ఆశగా ఉంది.

సైజు పెరిగే కొద్దీ టీఎల్‌బీ (పేజీల అడ్రసుల్ని గుర్తుంచుకునే చిన్న పట్టిక) మిస్సులూ అంకెలో కలుస్తాయి. పైగా ఎం1 మ్యాక్‌లో పేజీ (మెమరీని పంచే ముక్క) 16 కేబీ, మామూలు పీసీలో 4. ఆ మిస్సులు తగ్గేలా లినక్స్‌లో 2 ఎంబీ హ్యూజ్ పేజీలతో ఇంకోసారి కొలువు.

టర్బో (క్లాక్ తనంతట తాను పెరగడం) ఆపు, ప్రోగ్రామ్‌ని లినక్స్ టాస్క్‌సెట్ కమాండ్‌తో ఒక కోర్‌కి కట్టెయ్యి. మే నెలలో గుంటూరు హాస్టల్ గదిలో మధ్యాహ్నం పూట మాత్రం కొలవకు. ల్యాప్‌టాప్ వేడెక్కి క్లాక్ తగ్గించుకుంటుంది, కరెంటు పోయి బ్యాటరీ మీదకి మారినా తగ్గొచ్చు. ల్యాబ్‌లో ఏసీ ఉంటే అక్కడే చెయ్యి, లేకపోతే తెల్లవారుజామున. ఫలితాన్ని నానోసెకన్లలోనూ సైకిళ్లలోనూ (క్లాక్ టిక్కుల్లోనూ) రాయి. ఇంటెల్ స్కైలేక్ ప్రాసెసర్లలో ఎల్1 32 కేబీ, 4 సైకిళ్లు. తర్వాత వచ్చిన ఐస్ లేక్‌లో 48 కేబీ, 5 సైకిళ్లు. సైజు కోసం ఒక సైకిల్ వదులుకున్నారన్న సంగతి సైకిళ్లలోనే తెలుస్తుంది.

పెర్ఫ్ కౌంటర్లు (క్యాష్ మిస్సుల్లాంటివాటిని ప్రాసెసరే పెట్టే లెక్కలు) చివర్లో చూడు. పేరు ఒకటే అయినా ఒక్కో ప్రాసెసర్‌లో లెక్కపెట్టేది వేరు, ఏఎమ్‌డీ జెన్‌లో ఎల్3 లెక్క అసలు ప్రోగ్రామ్‌వారీగా రాదు. ఆ అంకెల్ని ఒకే మెషీన్‌లో ముందూ వెనకా పోల్చడానికే వాడు.

మొదటి గ్రాఫ్ రాగానే వాట్సాప్‌లో పెట్టు, అంకెల ఫైలు కూడా పంపు.

మీ బాబాయి