కృత్రిమ కాలితో 108లో ఉద్యోగం చేయగలదా?

దేవరకొండ నుంచి ఒక తండ్రి రాశారు. చిన్నప్పుడు ట్రాక్టర్ ప్రమాదంలో వారి అమ్మాయి ఎడమ కాలు మోకాలి కింది నుంచి పోయింది. కృత్రిమ కాలితో నడుస్తూ ఇంటర్ బైపీసీ పూర్తిచేసింది. ఆ రోజు తనను ఆసుపత్రికి చేర్చిన 108లోనే పనిచేస్తానంటోంది. ‘ఈ ఆలోచన మాన్పించమంటారా?’ అని అడుగుతున్నారు.

అయ్యా, మాన్పించకండి. ముందు ఆ పనిలో ఏమేం చేయాలో చూద్దాం. 108 వాహనంలో ఉండేది ఇద్దరే: నడిపే పైలట్, చికిత్స చేసే ఈఎంటీ (ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్). స్ట్రెచర్ రెండో కొస ఈఎంటీయే పట్టాలి. విజయవాడ రహదారి మీద ప్రమాదం జరిగితే బాధితుడు కల్వర్టు కింద పడి ఉండవచ్చు. తండాలో ఎవరికైనా పురిటి నొప్పులు మొదలైతే బండి ఆగిన చోటి నుంచి దుక్కిలో, గట్ల మీద నడవాలి. గుండె ఆగినవారికి నేల మీద మోకరిల్లి, ఛాతీ కనీసం 5 సెంటీమీటర్లు దిగేలా నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. మోకాలు నిలిచి ఉండటం మీ అమ్మాయికి పెద్ద బలం.

ఇది సర్టిఫికెట్ చూసి తేల్చే విషయం కాదు. గట్టి దిండు మీద 2 నిమిషాలు ఆపకుండా నొక్కి, వెంటనే లేచి నడవమనండి. నులక మంచం మీద బియ్యం బస్తా పెట్టి, ఒక కొస మీరు, ఒక కొస తను పట్టుకుని గడప దాటండి. బరువు మెల్లగా పెంచండి, కాలు అమర్చినవారిని అడిగి మొదలుపెట్టండి. నాకు బరువు కన్నా మన నల్లగొండ ఎండ గురించే ఎక్కువ ఆలోచన. చెమటకు సాకెట్ (కృత్రిమ కాలిలో మిగిలిన కాలు దూరే తొడుగు) లోపల చర్మం ఒరుసుకుపోయి పుండు పడితే కొన్ని రోజులు కాలు తొడగలేదు. మే నెలలో రోజంతా తిరిగి, సాయంత్రం ఆ చర్మం ఎలా ఉందో చూసుకోవాలి.

ఇవి కుదరకపోతే 108 ఫోన్ అందుకునే కేంద్రం ఉంది. దాన్ని చిన్నచూపు చూడకండి. కంగారులో ఉన్న మనిషితో మాట్లాడి ఏ ఊరు, ఏ చెరువు కట్ట అని రాబట్టడం, బండి చేరేలోగా ఏం చేయాలో చెప్పడం ప్రాణం నిలిపే పనే. మన మాట, మన తండాల పేర్లు తెలిసిన పిల్ల అక్కడ ఎంతో అవసరం.

చదువు ఇంటర్‌తో ఆపవద్దు. ఈఎంటీలుగా నర్సింగ్, ఫార్మసీ, జీవశాస్త్రాల డిగ్రీ చదివినవారిని తీసుకుని శిక్షణ ఇస్తారు. వైకల్యం 40 శాతం గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కింద ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం సీట్లు, ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఉన్నాయి. 108ను ప్రభుత్వం తరఫున ఒక సంస్థ నడుపుతుంది కాబట్టి అక్కడ ఆ కోటా మీద ఆధారపడవద్దు. ఆసుపత్రి అత్యవసర విభాగం ఉద్యోగాలకు మాత్రం అది పనికొస్తుంది.

ఇంటర్వ్యూలో కాలి సంగతి దాచవద్దని చెప్పండి. స్ట్రెచర్ అవతలి కొస పట్టుకునే పైలట్‌కు అది తెలిసి ఉండాలి. చేసి చూపిస్తానని తనే ముందుగా అడగాలి.