సమాధానం: అన్ని మతాలూ చెప్పేది ఒకటేనా?

మీ అమ్మాయి కళాశాల ప్రసంగానికి "మనిషి పుట్టుక ఎందుకు" అనే అంశం ఎంచుకుందనీ, ఏ మతం గురించి చదివినా "మంచిగా బతకడానికే" అని తేలుతోందనీ రాశారు. చిక్కంతా ప్రశ్నలోనే ఉంది. ఎలా బతకాలి అన్నచోట మతాలు దగ్గరగా వస్తాయి, ఎందుకు పుట్టాం అన్నచోట దారులు వేరవుతాయి. రెండోదాన్నే పట్టుకోమనండి.

ఇస్లాం జవాబు సూటిగా ఉంటుంది. ఖురాన్ 51వ అధ్యాయం 56వ వాక్యం ప్రకారం అల్లా జిన్నులనూ (కంటికి కనిపించని జీవులు) మనుషులనూ సృష్టించింది తనను ఆరాధించడానికే. ఇక క్రైస్తవం. 1647లో ప్రొటెస్టంట్లు లండన్‌లోని వెస్ట్‌మిన్‌స్టర్‌లో కూర్చిన చిన్న ప్రశ్నోత్తరిలో మొదటి ప్రశ్నే మనిషి ముఖ్య లక్ష్యం ఏమిటని. దేవుణ్ణి మహిమపరచడం, ఆయనలో ఎల్లకాలం ఆనందించడం అని జవాబు. ఆ ఆనందం సంగతి తప్పక చెప్పాలి, చాలామంది భయభక్తుల దగ్గరే ఆగిపోతారు.

హిందూ సంప్రదాయం ఒక్క గమ్యంతో సరిపెట్టలేదు. మోక్షంతో పాటు, ధర్మానికి లోబడిన సంపాదననూ కోరికనూ పురుషార్థాలుగా ఒప్పుకుంది. ఆ ఉదారత నాకెంతో ఇష్టం.

బౌద్ధానికి మాత్రం ఎక్కువ సమయం ఇవ్వాలి. లోకం శాశ్వతమా కాదా చెప్పి తీరాలని మాలుంక్యపుత్తుడనే శిష్యుడు బుద్ధుడి దగ్గర పట్టుబట్టాడు. విషబాణం తగిలినవాడు, అది వేసినవాడి కులమూ ఊరూ తెలిసేదాకా తీయనివ్వనంటే ప్రాణం పోతుందన్నాడు బుద్ధుడు. అక్కడ సృష్టికర్త ఉద్దేశమన్న మాటే లేదు. దుఃఖం ఉంది, దాన్ని తొలగించుకునే మార్గం ఉంది.

ప్రసంగానికి ఐదు నిమిషాలే ఇస్తే ఇస్లాం, బౌద్ధం రెండింటినే ఎదురెదురుగా పెట్టి మాట్లాడమనండి. తేడా స్పష్టంగా కనిపిస్తుంది.