పడమటి వాకిలి సందుల్లోంచి గాలి, దుమ్ము: తలుపు మార్చాలా?

వేపచెక్క తలుపు వానల్లో పట్టేస్తోంది, ఎండాకాలం సందులు పడి దుమ్మంతా లోపలికే, కొత్తది వేయించాలా అని అడిగారు. చెదలు పట్టకపోతే అక్కర్లేదండీ. మాదీ అనంతపురమే, మాదీ పడమటి వాకిలే. ఆషాఢం గాలి లేచిందంటే పొద్దున ఊడ్చిన బండల మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు.

ముందు గాలి ఎక్కణ్ణుంచి వస్తోందో చూడండి. గాలి బాగా ఉన్న సాయంత్రం ఫ్యాన్లు ఆపి, తలుపు మూసి, వెలిగించిన అగరబత్తీని అంచుల వెంబడి నెమ్మదిగా తిప్పండి. పొగ వంగిన చోటల్లా పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. మా ఇంట్లో పొగ ఎక్కువగా వంగింది తలుపు దగ్గర కాదు, ద్వారబంధానికీ గోడకీ మధ్య. అక్కడ సిమెంటు పూత విడిపోయి గోరు దూరేంత చీలిక ఉంది. ఆ చీలిక ఉండగా తలుపుకి ఎన్ని రబ్బర్లు అంటించినా లాభం లేదు. చీలికలో దుమ్ము గీకేసి, పెయింట్ షాపులో దొరికే యాక్రిలిక్ సీలెంట్ నింపాం. ఉత్త సిమెంటు పెడితే చెక్క కదిలినప్పుడు మళ్లీ విడిపోతుంది.

తర్వాత బందులు. తలుపు కొంచెం తెరిచి, గడియ ఉన్న వైపు చేత్తో పైకి ఎత్తండి. కదిలితే పై బందు స్క్రూలు వదులైనట్టే. స్క్రూలు తీసి, ఆ రంధ్రాల్లో ఫెవికాల్ పూసిన సన్నటి చెక్కపుల్లలు కొట్టి, ఒక రాత్రి ఆరనిచ్చి, కాస్త పొడుగు స్క్రూలు వేయండి. వాలిన తలుపు లేచి, పైసందు చాలావరకు సర్దుకుంటుంది.

వానాకాలంలో మాత్రం దయచేసి చిత్రిక పట్టించకండి. చెక్క తేమ పీల్చి అడ్డంగా ఉబ్బుతుంది, నిలువున దాదాపు మారదు. ఉబ్బినప్పుడు తీసేసిన చెక్క మే నెల ఎండకి సందుగా తేలుతుంది. మరీ రాసుకుంటుంటే ఆ ఒక్క చోటే కొంచెం తీయమనండి. ఆరిన రోజుల్లో తలుపు దించి, పై అంచుకీ కింది అంచుకీ కూడా రంగు వేయించండి. ఆ రెండూ చాలా ఇళ్లలో రంగు లేని ఉత్త చెక్కగానే ఉంటాయి, తేమ ఎక్కేది అక్కడే.

ఇవన్నీ అయ్యాకే రబ్బరు పట్టీలు. పక్కలకి ఫోమ్ టేపు కన్నా గట్టి రబ్బరే మేలు, ఫోమ్ తొందరగా అణిగిపోతుంది. అంటించే ముందు చెక్క మీద దుమ్ము పూర్తిగా తుడవాలి. కిందికి, లోపలివైపు స్క్రూలతో బిగించే అల్యూమినియం పట్టీ. గడప దగ్గర కడపరాయి ఎగుడుదిగుడుగా ఉంటే రబ్బరుది కాదు, బ్రష్ ఉన్నది తీసుకోండి.

చెదలు ఉన్నాయో లేదో తేల్చుకోవాలంటే ద్వారబంధం కింది భాగంలో స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. మెత్తగా దిగబడిందంటే ఈ పనులేవీ మొదలుపెట్టకుండా ముందు వడ్రంగి ఆచారిని పిలవండి.