మెలి తిరిగిన రెక్క, గుంటలు పడ్డ బాడీ

ప్రశ్న: స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం ప్లాస్టిక్ మోడల్ కిట్ (అసలు సైజులో 1/72 వంతు) కొన్నాను. కింది రెక్క మెలి తిరిగింది. బాడీ పక్కన గుంటలున్నాయి. ఒక రెక్క కొసకు ప్లాస్టిక్ సరిగా చేరనే లేదు. ఇక పారేయాల్సిందేనా?

జవాబు: అక్కర్లేదండీ. రెక్కను 60–70 డిగ్రీల వేడినీళ్లలో అర నిమిషం ఉంచి, మెలికకు ఎదురుగా మెల్లగా తిప్పి, అలాగే పట్టుకుని చన్నీళ్లలో ముంచండి. లొంగకపోతే మళ్లీ చేయండి. మరిగే నీళ్లు మాత్రం వద్దు, సన్నటి అంచులు పాడవుతాయి. స్పిట్‌ఫైర్ రెక్కలు కొసల వైపు కాస్త పైకి లేచే ఉంటాయి. బల్లకు ఆనించి చదును చేస్తే ఆ వాలు పోతుంది.

గుంటలు ఎక్కువగా, రెండు సగాలను కలిపే లోపలి పిన్నుల వెనక పడతాయి. అక్కడ ప్లాస్టిక్ మందం. ఆలస్యంగా చల్లారుతూ పైపొరను లోపలికి లాగుతుంది. పుట్టీ ఆరాక కుంచించుకుపోతుంది కాబట్టి సూపర్ గ్లూయే నయం. సూదిమొనతో చుక్క పెట్టి, గట్టిపడిన గంటలోపే 400, 600, 1000 నంబరు వాటర్ పేపర్‌తో తడిపి రుద్దండి. మర్నాటికి వదిలేస్తే గ్లూ ప్లాస్టిక్ కంటే గట్టిపడి, చుట్టూ ఉన్న ప్లాస్టికే అరిగిపోతుంది. చెరిగిన ప్యానెల్ గీతలను (విమానం రేకుల అతుకులను చూపే సన్నటి గాడులను) సూదితో మళ్లీ గీయాలి.

ప్లాస్టిక్ చేరని కొసను తిన్నగా కోసి, ప్లాస్టిక్ షీట్ ముక్క అతికించి, ఒక రోజు ఆరనిచ్చి అరగదీయండి. కొలతకు రెండో రెక్క కొసను కాగితంపై గీసి తిరగేయండి. చివర్లో బూడిదరంగు ప్రైమర్ కొడితే మిగిలిన లోపాలు బయటపడతాయి.