ముందు దొడ్డి గుమ్మం సంగతి చూడు

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

పర్లాకిమిడి ఇంటికి అలారం సెట్టు తెప్పించావనీ, నీ చేత్తోనే బిగిస్తానంటున్నావనీ మీ అమ్మ చెప్పింది. మంచిదే. రేపు ఏదైనా చెడితే ఎక్కడ చెడిందో బిగించినవాడికే తెలుస్తుంది. కానీ పెట్టె విప్పగానే గోడలకి కన్నాలు కొట్టకు.

ముందు దొడ్డి గుమ్మం చూడు. వీధి గుమ్మం మీద నలుగురి కళ్లూ ఉంటాయి. మన వీధి ఇళ్లు గోడకి గోడ ఆనుకుని పొడుగ్గా ఉంటాయి కాబట్టి వచ్చేవాడు దొడ్డి వైపు నుంచే వస్తాడు. చాలా ఇళ్లల్లో అక్కడి గడియకి ముప్పావు అంగుళం మరలుంటాయి, ఒక్క తన్నుకి ఊడొస్తాయి. రెండున్నర అంగుళాల ఎనిమిదో నంబరు మరలు వెయ్యి. ద్వారబంధం సాలు కర్రదైతే మూడు మిల్లీమీటర్ల డ్రిల్లుతో ముందు దారి తీసి, మరకి కాస్త సబ్బు రాయి. లేకపోతే మర తల తెగి, మిగతాది కర్రలోనే ఉండిపోతుంది. అలారం మోత దొంగని కంగారు పెడుతుంది గానీ తలుపుని పట్టుకోదు. జనం వచ్చేదాకా ఆ రెండు నిమిషాలు గడియే ఆగాలి.

ఇక సెన్సర్లు. ఈ సరంజామాకి దొంగ కన్నా పెద్ద శత్రువు ఉత్తి మోత. వారంలో మూడుసార్లు ఊరికే మోగితే నాలుగోసారి పక్కింటివాళ్లు దుప్పటి కూడా తియ్యరు. అందుకని సెట్టులో పది ఉన్నాయని పదీ తగిలించకు. వీధి గుమ్మానికి రెండు, దొడ్డి గుమ్మానికి రెండు, నడిమి గదిలో కదలిక పసిగట్టేది ఒకటి చాలు.

తలుపు సెన్సర్ రెండు ముక్కలు. తీగలున్న ముక్క ద్వారబంధానికి, అయస్కాంతం ముక్క తలుపు రెక్కకి. మనవి రెండు రెక్కల తలుపులు కాబట్టి రెక్కకొకటి కావాలి. పై మూలన, రెక్క తెరుచుకునే వైపు పెట్టు. బందుల వైపు పెడితే తలుపు జానెడు తెరుచుకున్నా దానికి తెలియదు. తలుపు వేసినప్పుడు రెండు ముక్కల మధ్య సందు సెంటీమీటరు దాటకూడదు. వానాకాలం కర్ర ఉబ్బుతుంది, ఎండాకాలం ముడుచుకుంటుంది. ఆషాఢంలో సరిగ్గా కుదిరిన సందు చైత్రానికి పెరిగిపోయి, గాలికి తలుపు ఊగినా మోగుతుంది. ఇనప గ్రిల్లుకైతే ఇనుము అయస్కాంతం బలాన్ని లాగేస్తుంది. రెండు ముక్కల కిందా పది మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క వెయ్యి, లేదా షట్టర్లకి వాడే పెద్ద రకం కొను. సెట్టుతో వచ్చిన జిగురు టేపుని నమ్మకు. సున్నం గోడ మీద అది పొడితో సహా ఊడి చేతికొస్తుంది.

నడిమి గది సెన్సర్ మీదే ఎక్కువ శ్రద్ధ పెట్టు. పెంకుటింట్లో దొంగ పెంకులు తప్పించి దిగితే తలుపు సెన్సర్లు నోరు విప్పవు. ఎటు నుంచి దిగినా వాడు నడిమి గది దాటాలి గనక అక్కడే కాపలా. నేల నుంచి ఏడడుగుల ఎత్తున, మూలన పెట్టు. అది తనవైపు నడిచొచ్చేవాడి కన్నా ఎదురుగా అడ్డంగా దాటేవాణ్ణి బాగా పట్టుకుంటుంది. కిటికీకీ, ఎండపొడకీ, ఫ్రిజ్ వెనకవైపుకీ ఎదురుగా పెట్టకు. వేడి చప్పున మారితే అది మనిషే అనుకుంటుంది. మే నెల మధ్యాహ్నం గది వేడి ఒంటి వేడికి దగ్గరైతే మనిషిని పోల్చుకోవడం కష్టమవుతుంది. ఆ రోజుల్లో చూపు తగ్గుతుందని గుర్తుంచుకో. బల్లి దాని అద్దం మీద పాకితే ఏనుగంత కనిపిస్తుంది దానికి. వెనక తీగ కన్నాలు ఎం-సీల్‌తో మూసెయ్యి, నెలకోసారి బూజు దులుపు. పిల్లులకి మోగదని డబ్బా మీద రాసినా, ఆ మాట నేల మీద నడిచే పిల్లికే. అటక మీది పిల్లికి మోగుతుంది.

పరీక్షించేటప్పుడు ఒక చిక్కుంది. బ్యాటరీతో నడిచే రకాలు ఒకసారి కదలిక చూశాక కొన్ని నిమిషాలు నిద్రపోతాయి. పాడైందనుకుని తిప్పి పంపకు, ఆ కాసేపూ గదిలోకి వెళ్లకుండా ఆగి మళ్లీ నడిచి చూడు.

వీధి గుమ్మానికి ఇరవై ముప్పై సెకన్ల గడువు పెట్టు, లోపలికొచ్చి అలారం ఆపే మీట నొక్కడానికి. దొడ్డి గుమ్మానికి గడువే వద్దు. సైరన్ చూరు కింద, నిచ్చెన లేకుండా అందని ఎత్తున. అయిదు నిమిషాలకి దానంతటదే ఆగేలా పెట్టు.

కరెంటు సంగతి నీకు చెప్పక్కర్లేదు. 2018లో తిత్లీ తుఫాను గజపతి జిల్లాని ఏం చేసిందో చూశావుగా. పన్నెండు వోల్టుల, ఏడు ఆంపియర్ అవర్ సీల్డ్ బ్యాటరీ పెట్టు. ప్యానెల్, అంటే సెన్సర్లన్నిటినీ నడిపే పెద్ద పెట్టె, 150 మిల్లీ ఆంపియర్లు లాగితే లెక్కకి 46 గంటలొస్తుంది గానీ, సగమే నీదనుకో. రెండు మూడేళ్లకి మార్చాలి. ఛార్జింగ్ తీసి రెండు గంటలాగి మీటర్ పెడితే నిండు బ్యాటరీ 12.7 వోల్టులు చూపాలి, పన్నెండుకి దిగితే దాదాపు ఖాళీ. ఉరుములు మొదలైతే అడాప్టర్ పీకెయ్యి, బ్యాటరీ నడిపిస్తుంది.

ప్యానెల్‌లో సిమ్ వేసేముందు అది టూజీదో ఫోర్‌జీదో చూడు. టూజీదైతే జియో సిమ్ పనిచెయ్యదు, జియోకి టూజీయే లేదు. రీఛార్జ్ గడువు క్యాలెండర్లో రాసిపెట్టు. ఇలాంటి సెట్లు మూగబోవడానికి సగం కారణం అదే. మోగగానే ప్యానెల్ ఫోన్ చెయ్యాల్సిన మొదటి నంబరు విశాఖలో ఉన్న నీది కాదు, పక్కింటి వాళ్లది. అర్ధరాత్రి నువ్వు అక్కణ్నుంచి చేసేదేముంది? రెండోది నీది. 112కి నువ్వు చేస్తే ఆంధ్రా కంట్రోల్ రూముకి వెళ్తుంది, పక్కింటివాళ్లు చేస్తే ఒడిశాకి వెళ్తుంది. ఆంధ్రా పోలీసుల తాళం వేసిన ఇళ్ల నిఘా యాప్‌ని నమ్ముకుని కూర్చోకు, అది ఆ రాష్ట్రంలోని ఇళ్లకి, మన ఇల్లు ఒడిశాలో ఉంది.

కెమెరా ఒకటి చాలు, వీధి వైపు. తెల్ల స్తంభం పక్కన పెట్టకు, రాత్రి కెమెరా వెలుగు స్తంభానికి కొట్టి బొమ్మంతా పాలిపోతుంది. ఎదురింటివాళ్ల గుమ్మం అందులో పడకూడదు, తగువు మనకెందుకు. పాస్‌వర్డ్ మొదటిరోజే మార్చు.

రాత్రి మీ అమ్మ లేచి తిరుగుతుంది గనక, ఇంట్లో మనుషులున్నప్పుడు నడిమి గది సెన్సర్ ఆపి తలుపులవి మాత్రమే పనిచేసే మోడ్ పెట్టు. రిమోట్ మీద ఏ మీట దేనికో రంగు చుక్కలు వేసి ఆవిడ చేత నాలుగుసార్లు నొక్కించు.

మావయ్య