ఇంటిపేరుతో మొదలయ్యే ఇటలీ చదువు

చదువుకోసం ఇటలీ వెళ్తున్న పిల్లల గురించి ఈ నెల మూడు ఉత్తరాలు వచ్చాయి. ఒకటి చెన్నై నుంచి, రెండు బెంగళూరు నుంచి. అడిగిన సంగతులు వేరైనా అన్నీ అక్కడ దిగిన తొలి వారం చుట్టూనే తిరుగుతున్నాయి కనుక ఒకేచోట జవాబు చెబుతున్నాను.

ప్రశ్న: మా అమ్మాయికి పాదొవా విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్‌సి. సీటు వచ్చింది. సెప్టెంబరు చివరలో ప్రయాణం. మేము మూడు తరాలుగా చెన్నైలో ఉంటున్న తెలుగువాళ్లం. ఇక్కడి అలవాటు ప్రకారం బడిలో తండ్రి పేరులోని మొదటి అక్షరాన్నే ఇనీషియల్‌గా వేశారు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది. వీసాకు ఇంకా దరఖాస్తు చేయలేదు. దీనివల్ల అక్కడ చిక్కులు వస్తాయా? మొదటి వారంలో ఏయే పనులు పూర్తి చేసుకోవాలి? ఆడపిల్ల ఒంటరిగా వెళ్తోందన్న దిగులు కూడా ఉంది.
— ఒక తల్లి, పెరంబూరు, చెన్నై

జవాబు: అమ్మా, మీరు చివరన అడిగిన దిగులుకంటే ముందు అడిగిన ఖాళీ గడి గురించే ఎక్కువ ఆలోచించాలి. పాదొవా 1222లో మొదలైన విశ్వవిద్యాలయం. 1678లోనే ఎలెనా కోర్నారో పిస్కోపియా అనే ఆమెకు డాక్టరేటు పట్టా ఇచ్చింది. చదువుకోవడానికి వచ్చిన ఆడపిల్ల ఆ ఊరికి వింత కాదు. ఇంటిపేరు లేని మనిషి మాత్రం అక్కడి కార్యాలయాలకు వింతే.

ఇటలీలో ప్రతి మనిషికీ ‘కోదిచే ఫిస్కాలే’ అనే 16 అక్షరాల, అంకెల పన్ను సంకేతం ఉంటుంది. సిమ్ కార్డు, బ్యాంకు ఖాతా, అద్దె ఒప్పందం అన్నీ దాన్నే అడుగుతాయి. మన ఆధార్ సంఖ్యలా అది యంత్రం ఇష్టం వచ్చినట్టు ఇచ్చేది కాదు. మనిషి పేరులోంచే పుడుతుంది. కొమ్మినేని శారద అనే అమ్మాయి 2003 జూన్ 12న మన దేశంలో పుట్టిందనుకోండి. ఇంగ్లీషులో రాసిన ఇంటిపేరులోంచి మొదటి మూడు హల్లులు కె, ఎం, ఎం వస్తాయి. పేరులోంచి ఎస్, ఆర్, డి వస్తాయి. తర్వాత పుట్టిన సంవత్సరానికి 03, జూన్ నెలకు హెచ్, ఆపైన తేదీ. ఆడవాళ్లకు తేదీకి 40 కలుపుతారు కనుక 12 కాస్తా 52 అవుతుంది. మన దేశంలో పుట్టినవారందరికీ జెడ్ 222, చివర సరిచూసుకోవడానికి ఒక అక్షరం. ఇంతటి లెక్కలో ఇంటిపేరు ఒకచోట ఒకలా, మరొకచోట ఇంకొకలా పడిందంటే సంకేతం మారిపోతుంది. విశ్వవిద్యాలయం దగ్గరున్న మనిషీ బ్యాంకు దగ్గరున్న మనిషీ కాగితం మీద ఇద్దరైపోతారు.

వీసాకు ఇంకా దరఖాస్తు చేయలేదన్నారు కాబట్టి, వ్యవధి చాలేటట్టయితే ఇంటిపేరును, పేరును విడివిడిగా నింపి పాస్‌పోర్టును తిరిగి జారీ చేయించుకోవడమే మేలని నా అభిప్రాయం. ఆ మార్పును విశ్వవిద్యాలయానికి వెంటనే తెలియజేయండి. పాత సర్టిఫికెట్లలో ఉన్న మనిషీ పాస్‌పోర్టులో ఉన్న మనిషీ ఒక్కరేనని ప్రమాణపత్రం తీసుకుని, అది విదేశాల్లో చెల్లేటట్టు మన విదేశాంగ శాఖ వేసే అపోస్టిల్ ముద్ర వేయించండి. వ్యవధి లేకపోతే ఉన్న పాస్‌పోర్టుతోనే వెళ్లనిచ్చి, వీసా మీద పేరు ఎలా అచ్చయిందో అక్షరం పొల్లుపోకుండా ప్రతి ఫారంలోనూ అలాగే రాయమనండి. ఇష్టమైన స్పెల్లింగులకు అక్కడ చోటు లేదు.

నేను బొలోన్యాలో చదువుకున్న రోజుల్లో నా పాస్‌పోర్టులో ఇంటిపేరు ఉండవలసిన చోట మా నాన్నగారి పేరు ఉండేది. రెండేళ్లపాటు ప్రతి గుమాస్తా నన్ను మా నాన్నగారి పేరుతోనే పిలిచాడు. ఆ సంగతి ఉత్తరంలో రాస్తే ఆయన మురిసిపోయారు గాని, నా పేరు మీద రావలసిన బ్యాంకు కార్డు రెండుసార్లు వెనక్కి వెళ్లింది. అక్కడ అపార్ట్‌మెంటు గుమ్మం దగ్గర ఫ్లాటు నంబర్లకు బదులు ఇంటిపేర్లు రాసి ఉంటాయి. పోస్ట్‌మ్యాన్ ఉత్తరాల పెట్టె మీది ఇంటిపేరు చూసే ఉత్తరం వేస్తాడు. నేను పెట్టె మీద నా సొంత పేరు రాసుకున్నాను, కార్డేమో నాన్నగారి పేరుతో వచ్చింది. మీ అమ్మాయి గదిలో దిగిన రోజే ఆ పెట్టె మీద ఇంటిపేరుతో చీటీ అంటించడం మరిచిపోకూడదు.

ఇక గడువున్న పని ఒక్కటే. దేశంలో అడుగుపెట్టిన 8 పనిదినాల లోపల నివాస అనుమతికి, అంటే ‘పెర్మెస్సో ది సొజ్జోర్నో’కు, దరఖాస్తు చేయాలి. పోలీసు కార్యాలయానికి పరుగెత్తనక్కరలేదు. ‘స్పోర్తెల్లో అమీకో’ అనే కౌంటరున్న తపాలా కార్యాలయంలో ఫారాల కవరు ఉచితంగా ఇస్తారు. నింపిన ఫారాలకు పాస్‌పోర్టు, వీసా, ప్రవేశపత్రం, ఆరోగ్య బీమా, ఖర్చులకు డబ్బుందనే ఆధారం, వీటి నకళ్లు జతచేసి కవరును అంటించకుండానే తీసుకెళ్లాలి, ఎందుకంటే అందులోని కాగితాలను కౌంటరులోనే సరిచూస్తారు. ‘టి’ అక్షరం బోర్డు ఉన్న పొగాకు దుకాణంలో ఫారానికి కావలసిన 16 యూరోల రెవెన్యూ స్టాంపు దొరుకుతుంది. ఈ స్టాంపుకు ఏడాది లోపు అనుమతికి 70.46 యూరోలు, తపాలా రుసుము 30 యూరోలు కలిపితే మొత్తం 116.46 యూరోలవుతుంది, కార్డు వచ్చేదాకా చేతికిచ్చే రసీదే ఆమెకు ఆధారం. అదే కౌంటరులో ‘క్వెస్తూరా’ అనే పోలీసు ప్రధాన కార్యాలయంలో వేలిముద్రలు ఇవ్వవలసిన తేదీ కూడా చెబుతారు. కార్డు చేతికి రావడానికి నెలలు పట్టవచ్చు. ఈలోగా సంక్రాంతికి ఇంటికి రావాలనిపిస్తే రసీదు, పాస్‌పోర్టు చూపి రాకపోకలు సాగించవచ్చు గాని, దారిలో జర్మనీ, ఫ్రాన్స్ వంటి మరో షెంగెన్ (ఉమ్మడి వీసా) దేశంలో విమానం మారకూడదు. దోహా, దుబాయి మీదుగా టికెట్టు తీసుకోవాలి.

ఆరోగ్యం విషయంలో చాలామంది పాత లెక్క చెబుతారు. ప్రభుత్వ వైద్యసేవలో విద్యార్థులు స్వచ్ఛందంగా చేరడానికి ఒకప్పుడు ఏడాదికి 149.77 యూరోలుండేది; 2024 నుంచి అది 700 యూరోలైంది. పైగా ఆ సొమ్ము జనవరి నుంచి డిసెంబరు దాకా లెక్క. అక్టోబరులో కట్టినా మూడు నెలలకే తీరిపోతుంది. అందువల్ల తొలి నెలలకు ప్రైవేటు బీమా తీసుకుని, జనవరిలో తీరికగా నిర్ణయించుకోవడం నయం.

ప్రశ్న: నేను బొలోన్యా వెళ్తున్నాను. పూర్తి శాకాహారిని. ఏం తీసుకెళ్లాలి, ఏం తినాలి? భాష ఒక్క ముక్క రాదు. వారంలో ఎంత నేర్చుకోగలను?
— ఒక విద్యార్థి, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: ముందు పెట్టెలోంచి తీసేయవలసినవి చెబుతాను. ఐరోపా యూనియన్ బయటినుంచి ప్రయాణికులు పాల పదార్థాలు తేకూడదు కనుక అమ్మ కాచిన నెయ్యి, పాలకోవా ఇంట్లోనే ఉంచండి. పచ్చి కరివేపాకు రెబ్బలు కూడా కుదరవు. కరివేపాకు పొడి, ఆవకాయ వెళ్తాయి. కుక్కరు తీసుకెళ్లేవారు అడుగు ఇండక్షన్ పొయ్యికి పనికొచ్చేదో కాదో చూసుకోవాలి, మామూలు అల్యూమినియం కుక్కరు దాని మీద వేడెక్కదు. కరెంటు మనలాగే 230 వోల్టులు. గుండ్రటి రెండు పిన్నుల ప్లగ్గు పడుతుంది గాని మన మూడు పిన్నుల ప్లగ్గుకు అడాప్టరు కావాలి. కందిపప్పు, బియ్యం బంగ్లాదేశీయుల దుకాణాల్లో దొరుకుతాయి. ఇటలీలో పండే ఆర్బోరియో బియ్యం రిజోత్తో అనే అక్కడి అన్నం వంటకానికి గొప్పదే గాని, వండితే ముద్దగా అవుతుంది. చారులో కలుపుకోవడానికి నాకెప్పుడూ నచ్చలేదు. తియ్యదనం కలపని మామూలు యోగర్టును పాలలో తోడేస్తే పెరుగు చక్కగా తోడుకుంటుంది.

హోటల్లో ‘మాంసం లేకుండా’ అంటే సరిపోదు. వాళ్లలో కొందరికి సన్నగా కోసిన హామ్ అనే పంది మాంసం, ట్యూనా చేప మాంసం లెక్కలోకి రావు. వాటిని పేరు పెట్టి వద్దనాలి. పార్మిజానో రెజ్జానో జున్నును విరగగొట్టడానికి దూడ పొట్టలోంచి తీసే పదార్థం వాడతారు కాబట్టి దానిపై మీ నియమం ఏమిటో మీరే తేల్చుకోండి. జున్నే లేని పిజ్జా కావాలంటే మరినారా అడగండి: టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, నూనె, అంతే. మరో తమాషా ఏమిటంటే, ఇక్కడి పిజ్జా దుకాణాల్లో పెపెరోనీ అంటే మాంసం, అక్కడ అదే మాటకు అర్థం క్యాప్సికం. కాఫీ దగ్గర నేను బోల్తాపడ్డాను: మల్లేశ్వరంలో అడిగినట్టు ‘లాతే’ అన్నాను, గ్లాసెడు చల్లని పాలు తెచ్చి ముందు పెట్టారు. ఆ భాషలో లాతే అంటే పాలే మరి.

భాష సంగతికొస్తే, తెలుగువాడికి రెండు సదుపాయాలున్నాయి. అక్కడి మాటలు చాలావరకు అచ్చులతోనే ముగుస్తాయి. ద్విత్వం పలకడం మనకు పుట్టుకతో వచ్చింది. మనకు కల వేరు, కల్ల వేరు అయినట్టే వాళ్లకు ‘సేతే’ అంటే దాహం, ‘సెత్తే’ అంటే ఏడు. ఇంగ్లీషు అలవాటు మాత్రం దెబ్బతీస్తుంది: సి, ఇ అక్షరాలు కలిస్తే ‘చె’, మధ్యలో హెచ్ వస్తే ‘కె’. మనం చదివేదానికి సరిగ్గా తలకిందులు. నువ్వు, మీరు తేడా అక్కడా ఉంది. ‘చావ్’ అనే పలకరింపు నువ్వు అని పిలవగలిగినవారితోనే; ప్రొఫెసరుతోనూ దుకాణం పెద్దావిడతోనూ ‘బువొన్‌జోర్నో’ అనాలి. వారంలో ఇంతవరకు వస్తే నా దృష్టిలో చాలు.

ప్రాంతీయ రైలుకు కాగితం టికెట్టు కొంటే, ఎక్కేముందు ప్లాట్‌ఫారం దగ్గరి యంత్రంలో ముద్ర వేయించుకోవడం మాత్రం మొదటి రోజునుంచే అలవాటు చేసుకోండి. డబ్బిచ్చి కొన్న టికెట్టే అయినా ముద్ర లేకపోతే జరిమానా వేస్తారు. వానకు మరీ భయపడకండి, బొలోన్యా వీధుల పొడవునా కప్పున్న వసారాలుంటాయి, మొత్తం 62 కిలోమీటర్లు. 2021లో యునెస్కో వాటిని వారసత్వ జాబితాలో చేర్చింది.

ప్రశ్న: మా అబ్బాయి ఇంకా బయల్దేరలేదు. గది యజమాని ఆరు నెలల అద్దె అడ్వాన్సుగా ముందే పంపమంటున్నాడు. బెంగళూరులో పది నెలల అడ్వాన్సు ఇచ్చినవాళ్లం కనుక అది తప్పనిపించలేదు. పంపవచ్చా? అబ్బాయికి రోజూ ఏ సమయంలో ఫోన్ చేస్తే బాగుంటుంది?
— ఒక తండ్రి, కె.ఆర్.పురం

జవాబు: పంపకండి. 1978 నాటి అక్కడి చట్టం ప్రకారం అడ్వాన్సు మూడు నెలల అద్దెకు మించకూడదు. చూడని గదికి, సంతకం కాని ఒప్పందానికి సొమ్ము పంపి మోసపోయినవారిని నేను ఎరుగుదును. తొలి వారం పది రోజులకు హాస్టల్లో మంచం తీసుకుని, గదిని కళ్లారా చూసి, ఒప్పందాన్ని 30 రోజుల్లోగా పన్నుల కార్యాలయంలో రిజిస్టరు చేస్తారని తేల్చుకున్నాకే డబ్బివ్వమనండి. రిజిస్టరు చేయనంటే ఆ గది వదిలేయడం మంచిది.

ఫోన్ విషయం: అక్కడి వేసవి కాలమానంలో వాళ్లు మనకంటే మూడున్నర గంటలు వెనక. అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. అప్పటినుంచి మార్చి చివరి ఆదివారం దాకా తేడా నాలుగున్నర గంటలు. మీరు భోజనం ముగించి రాత్రి 10 గంటలకు ఫోన్ చేస్తే అక్కడ చలికాలం సాయంత్రం ఐదున్నర అవుతుంది. అప్పటికింకా క్లాసులోనే ఉండవచ్చు.