బోల్ట్-ఆన్, సెట్ నెక్, నెక్-త్రూ: మన వైపు ఏ గిటార్ నయం?

పర్లాకిమిడి నుంచి మీరు అడిగింది ఇది: చర్చిలో వాయించడానికి మొదటి ఎలక్ట్రిక్ గిటార్ కొంటున్నారు. నెక్‌ను (వేళ్ళతో తీగలు నొక్కే పొడుగాటి భాగాన్ని) బాడీకి స్క్రూలతో బిగించినది మంచిదా, జిగురుతో అతికించినది మంచిదా, శబ్దంలో నిజంగా తేడా వస్తుందా అని. నాది బరంపురం. పన్నెండేళ్ళుగా మెలోడీ ప్రోగ్రాముల్లో వాయిస్తున్నాను. మూడు రకాలూ వాడాను. స్క్రూలతో బిగించినదే, అంటే బోల్ట్-ఆన్ తీసుకోండి. అయితే అలా చెప్పడానికి కారణం శబ్దం కాదు.

ముందు శబ్దం సంగతి చూద్దాం. పికప్ (తీగల కింద ఉండే అయస్కాంతపు భాగం) పట్టుకునేది తీగ కదలికను. ఆ కదలికలోంచి చెక్క ఎంత లాగేసుకుంటుందన్నదే నెక్ వల్ల వచ్చే తేడా. నెక్ సన్నటి పొడుగాటి కర్ర, దానికీ సొంత కంపనం ఉంటుంది. ఏదైనా స్వరం ఆ కంపనంతో కలిస్తే నెక్ ఊగుతుంది, స్వరం ఠక్కున ఆరిపోతుంది. దాన్ని డెడ్ స్పాట్ అంటారు. మా గ్రూపు బాస్ గిటార్‌లో జి తీగ మీద 5, 6 ఫ్రెట్ల (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీల) దగ్గర సరిగ్గా ఇదే జరిగేది. హెడ్‌కు, అంటే తీగలు బిగించే మరలుండే నెక్ కొసకు, చిన్న ఇనుప క్లాంపు బిగించి చూశాం. ఆ చోటు పక్క ఫ్రెట్‌కు జరిగింది! నెక్ ఎంత గట్టిది, ఎంత బరువు అన్నది అతుకు కంటే ముఖ్యమని నాకు అర్థమైంది ఆ రోజే. బోల్ట్-ఆన్‌లో స్వరం నిలవదన్న మాట నేను ఒప్పుకోను. నెక్ దాని గాడిలో సందు లేకుండా కూర్చుంటే చక్కగా నిలుస్తుంది.

చాలామంది ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్‌నూ (బోల్ట్-ఆన్) గిబ్సన్ కంపెనీ లెస్ పాల్‌నూ (జిగురుతో అతికించినది) పక్కపక్కన వాయించి, తేడా అంతా అతుకు ఖాతాలో వేస్తారు. ఆ రెంటిలో పికప్‌లు వేరు, చెక్క వేరు, బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే దిమ్మ) వేరు. అన్నిటికంటే ముఖ్యంగా తీగ పొడవు వేరు. ఫెండర్‌ది 25.5 అంగుళాలు, గిబ్సన్‌ది దాదాపు 24.75. అవే తీగలు, అదే శ్రుతి అయినా పొట్టి దాంట్లో బిగువు సుమారు 6 శాతం తగ్గుతుంది. అందుకే బెండ్ చేస్తే (తీగను పక్కకు నెడితే) వేలికి మెత్తగా తగులుతుంది. మా ఇంట్లో పట్టు మగ్గం ఉంది. పడుగు బిగువు కొంచెం మారినా నాన్న చేతికి తెలిసిపోతుంది. తీగల విషయంలో వేళ్ళూ అంతే.

ఇక అసలు కారణానికి వస్తాను. నేను మొదట కొన్నది జిగురుతో అతికించిన సెట్ నెక్ గిటార్. ఆ రకం గిటార్లలో చాలావాటికి హెడ్ వెనక్కి వాలి ఉంటుంది, సాధారణంగా 14 నుంచి 17 డిగ్రీలు. అక్కడ చెక్క నార అడ్డంగా తెగి ఉంటుంది కాబట్టి అదే బలహీనమైన చోటు. ఛత్రపురంలో ప్రోగ్రాం ముగించుకుని వస్తుంటే వ్యాన్‌లో బ్యాగు పడిపోయి సరిగ్గా అక్కడే విరిగింది. మగ్గాలు చేసే వడ్రంగి మేస్త్రి జిగురు పెట్టి, బిగించి, రెండు రోజులు కదపకుండా ఉంచారు. ఆ అతుకు ఇప్పటికీ నిలిచే ఉంది. కానీ బాడీ దగ్గర నెక్ వాలు తప్పింది, తీగలు పైకి లేచిపోయాయి, దాన్ని సరిచేసేవాళ్ళు మా చుట్టుపక్కల దొరకలేదు. జిగురు వదిలించి మళ్ళీ అతికించడం చాలా నైపుణ్యం కావాల్సిన పని.

బోల్ట్-ఆన్‌లో ఇదే సమస్య వస్తే నాలుగు స్క్రూలు విప్పి, గాడిలో బ్రిడ్జి వైపు అంచున విజిటింగ్ కార్డు ముక్క పెడితే చాలు. నెక్ కాస్త వెనక్కి వాలి తీగలు దిగుతాయి. 1950లో స్క్రూల నెక్‌తో ఎలక్ట్రిక్ గిటార్లు అమ్మకానికి తెచ్చిన లియో ఫెండర్ అంతకు ముందు రేడియోలు బాగుచేసిన మనిషి. చేయడం, బాగుచేయడం, భాగం మార్చడం సులువుగా ఉండాలన్న ఆలోచన ఆ గిటార్లలో కనిపిస్తుంది. గోపాలపురం సముద్రపు గాలికి మా దగ్గర వానాకాలంలో నెక్ వంపు మారుతూనే ఉంటుంది, కాబట్టి నాకు ఆ సులువే కావాలి.

నెక్-త్రూ గురించి రెండు మాటలు. అందులో ఒకే కర్ర హెడ్ నుంచి బాడీ చివరి దాకా పోతుంది. పై ఫ్రెట్లకు (బాడీ దగ్గరివాటికి) చెయ్యి హాయిగా పోతుంది, మడమలాంటి దిమ్మ అడ్డు రాదు. కానీ నెక్ పాడైతే మార్చే వీలు లేదు. మొదటి గిటార్‌కు వద్దు.

కొనేటప్పుడు తీగల ఎత్తు, ఫ్రెట్‌బోర్డు గుండ్రదనం చూడండి. పాత ఫెండర్ల తరహా 7.25 అంగుళాల రేడియస్‌లో (అంకె తక్కువైతే గుండ్రదనం ఎక్కువ) కార్డ్‌లు, అంటే ఒకేసారి కలిపి వాయించే స్వరాలు, హాయిగా పడతాయి. కానీ తీగలు బాగా దించితే పై ఫ్రెట్ల దగ్గర బెండ్ చేసినప్పుడు స్వరం ఆగిపోతుంది. 9.5 నుంచి 12 మధ్య ఉన్నది మీకు సరిపోతుంది. తర్వాత లావు ఇ తీగను మొదటి ఫ్రెట్ దగ్గర, చివరి ఫ్రెట్ దగ్గర ఒకేసారి నొక్కి 7వ ఫ్రెట్ మీద సందు చూడండి. పావు మిల్లీమీటరు ఉంటే బాగున్నట్టే. ఎక్కువైతే ట్రస్ రాడ్‌ను (నెక్ లోపల ఉండి వంపు సరిచేసే ఇనుప కడ్డీని) ఒక్కసారికి పావు చుట్టు మాత్రమే బిగించి, శ్రుతి చేసి, మళ్ళీ కొలవండి. బలవంతంగా తిప్పొద్దు.

కొన్నాక బరంపురం వచ్చే పని ఉంటే గిటార్ కూడా తెచ్చుకోండి. మొదటిసారి సర్దడం మీ ముందే చేసి చూపిస్తాను, తర్వాత మీరే చేసుకోవచ్చు.